రెన్‌మిన్‌బి అనాలా, యువాన్ అనాలా? చైనా డబ్బు పేర్లు, వాటి వాడుక

ప్రశ్న: గ్వాంగ్‌జౌ నుంచి స్టీలు సామాను తెప్పించుకుందామనుకుంటున్నాను. అమ్మేవాళ్లు పంపిన ధరల పట్టికలో ఆర్‌ఎంబి అని ఉంది. మా బ్యాంకులో అడిగితే సీఎన్‌వై అన్నారు. పత్రికల్లో యువాన్ అని రాస్తారు, అక్కడక్కడ రెన్‌మిన్‌బి అని కూడా చూశాను. చైనాలో వైద్యం చదివి వచ్చిన మా మేనల్లుడు క్వాయ్ అంటాడు. ఇవన్నీ ఒకటేనా? ఒకటే అయితే ఇన్ని పేర్లెందుకు? ఏది ఎక్కడ వాడాలి? డిజిటల్ యువాన్ అంటున్నారు, అది మళ్లీ వేరే కరెన్సీయా?

జవాబు:

మీరు రాసిన పేర్లన్నీ ఒకే డబ్బుకు సంబంధించినవి. పట్టికలో ఆర్‌ఎంబి 5,000 అని ఉన్నా, బ్యాంకు కాగితంలో సీఎన్‌వై 5,000 అని ఉన్నా, దుకాణంలో ఐదు వేల క్వాయ్ అన్నా మీరు చెల్లించాల్సిన మొత్తం ఒకటే. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. అయితే ఈ పేర్లను ఒకదాని బదులు మరొకటి ఎక్కడపడితే అక్కడ పెట్టడానికి వీల్లేదు. ఒక్కో పేరుకు ఒక్కో చోటు ఉంది, ఆ చోటు దానికి దక్కడం వెనక పెద్ద చరిత్రే ఉంది. తెలుగు వ్యాపారులకూ చైనా ఫ్యాక్టరీల వాళ్లకూ మధ్య చాలా ఏళ్లుగా దుబాసీగా పనిచేస్తున్నాను. ఈ పేర్ల దగ్గర మనవాళ్లు తడబడటం తరచూ చూస్తుంటాను కాబట్టి వివరంగానే రాస్తాను.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1995 మార్చిలో చైనా తన కేంద్ర బ్యాంకు అయిన పీపుల్స్ బ్యాంక్ ఆఫ్ చైనా కోసం ఒక చట్టం చేసింది. దాని 16వ అధికరణం దేశపు చట్టబద్ధమైన కరెన్సీ రెన్‌మిన్‌బి అని చెబుతుంది. వెంటనే 17వ అధికరణం రెన్‌మిన్‌బికి ప్రమాణం యువాన్ అని, చిల్లర ప్రమాణాలు జియావో, ఫెన్ అని చెబుతుంది. పది ఫెన్‌లు ఒక జియావో, పది జియావోలు ఒక యువాన్. మీ ప్రశ్నలో సగానికి జవాబు ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. రెన్‌మిన్‌బి అనేది ఆ డబ్బు పేరు. యువాన్ అనేది దాన్ని లెక్కపెట్టే ప్రమాణం పేరు.

మనకు ఈ తేడా వెంటనే పట్టుబడకపోవడానికి కారణం రూపాయి. మన దగ్గర రెండు పనులూ ఆ ఒక్క మాటే చేస్తుంది. అయినా గమనిస్తే తెలుగులో కూడా ఆ తేడా జాడ కనిపిస్తుంది. డాలరు ముందు 'రూపాయి బలహీనపడింది' అంటాం, 'రూపాయలు బలహీనపడ్డాయి' అనం. కూరగాయల దగ్గర మాత్రం 'నలభై రూపాయలు' అంటాం. మొదటి వాక్యంలో ఏకవచనంగా వచ్చిన రూపాయి భారతదేశపు డబ్బు మొత్తాన్నీ సూచిస్తోంది. రెండో దానిలోది లెక్క. చైనా వాళ్లు మొదటి చోట రెన్‌మిన్‌బి అంటారు, రెండో చోట యువాన్ అంటారు. బ్రిటన్‌లో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. వాళ్ల డబ్బు స్టెర్లింగ్, దాన్ని లెక్కపెట్టేది పౌండ్లలో.

అందుకే మా దగ్గరకు వచ్చే కొత్తవాళ్లకు నేను చెప్పే పద్ధతి ఇది: పక్కన అంకె ఉంటే యువాన్, అంకె లేకుండా ఆ డబ్బు గురించి మాట్లాడుతుంటే రెన్‌మిన్‌బి. 'ఈ గిన్నె 30 యువాన్లు.' 'మీరు రెన్‌మిన్‌బి తీసుకుంటారా, డాలర్లు తీసుకుంటారా?' ఈ రెండు వాక్యాలూ చైనా వాళ్ల చెవికి సహజంగా ఉంటాయి. '30 రెన్‌మిన్‌బిలు' అంటే అర్థమవుతుంది కానీ ఆ మాట అన్నది బయటివారని వెంటనే తెలిసిపోతుంది. రెండూ కలిపి 'ముప్ఫై యువాన్ల రెన్‌మిన్‌బి' అనడం మాత్రం తప్పు కాదు. ఏ దేశపు డబ్బో స్పష్టం చేయాల్సిన చోట, ముఖ్యంగా ఒప్పంద పత్రాల్లో, చైనా వాళ్లే అలా రాస్తారు.

రెన్‌మిన్ అంటే ప్రజలు, బి అంటే డబ్బు. ప్రజల డబ్బు అన్నమాట. 1949 తర్వాతి చైనాలో ఈ రెన్‌మిన్ అనే మాట అడుగడుగునా వినిపిస్తుంది. దేశపు అధికారిక నామంలో ఉంది, కేంద్ర బ్యాంకు పేరులో ఉంది, పీపుల్స్ డైలీ పత్రిక అసలు పేరు రెన్‌మిన్ రిబావ్‌లో ఉంది, వంద యువాన్ల నోటు వెనక వేసిన ప్రజా మహాసభా భవనం పేరులో ఉంది. పలకడం గురించి ఒక్క మాట. మొదటి అక్షరాన్ని మనం 'రె' అని రాసుకుంటున్నా, నాలుకను కాస్త వెనక్కి మడిచి 'ర'కూ 'ఝ'కూ మధ్య పలుకుతారు. యువాన్‌ను మనం మూడు అక్షరాలుగా సాగదీస్తాం, వాళ్లు దాన్ని ఒక్క ఊపులో 'యుఎన్' అన్నట్టుగా ముగిస్తారు. పత్రికల ద్వారా స్థిరపడిన రూపం యువాన్ కాబట్టి తెలుగులో అలాగే రాసుకోవడం మంచిది.

ఇక మీ మేనల్లుడు అనే క్వాయ్. బజారులో, టాక్సీలో, హోటల్లో యువాన్ అనే మాట దాదాపు వినిపించదు. అక్కడంతా క్వాయ్. ఆ మాటకు అర్థం ముక్క, గడ్డ. వెండిని ముక్కలుగా లెక్కపెట్టిన కాలం నుంచి వచ్చిన మాట అది. అలాగే పుస్తకంలో జియావో అని ఉన్నది నోటిలో మావ్ అవుతుంది. ఫెన్‌కు రెండో పేరు లేదు, దానితో కొనగలిగినదీ దాదాపు ఏమీ లేదు. రెండో శ్రేణికి (ఒక విడతలో తెచ్చిన నోట్ల వరుసను శ్రేణి అంటారు) చెందిన ఫెన్ కాగితపు నోట్ల చలామణిని 2007లోనే నిలిపివేశారు.

క్వాయ్‌తో అంకెలు చెప్పే తీరు కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే బేరంలో అసలు పొరపాట్లు జరిగేది ఇక్కడే. చివరి ప్రమాణాన్ని చెప్పకుండా వదిలేయడం వాళ్ల అలవాటు. 'సాన్ క్వాయ్ వు' అంటే మాటకు మాటగా 'మూడు ముక్కల ఐదు'. అర్థం మూడున్నర యువాన్లు. 'యీ బై వు' అంటే నూట ఐదు అనుకుంటారు మనవాళ్లు. అది నూట యాభై. నూట ఐదు చెప్పాలంటే మధ్యలో సున్నా అనే మాటను విడిగా పలుకుతారు. రెండు యువాన్లకు అంకెలు నేర్చుకునేటప్పుడు చెప్పే 'అర్' పనికిరాదు, 'ల్యాంగ్ క్వాయ్' అనాలి. రెండు వందల యాభైని 'అర్ బై వు' అని చెబితే అది తెలివితక్కువవాడు అనే తిట్టు కూడా కాబట్టి మర్యాద తెలిసిన అమ్మకందారు 'ల్యాంగ్ బై వు' అంటాడు. మీరు సరుకు తెప్పించుకునేది గ్వాంగ్‌జౌ నుంచి కాబట్టి ఇంకొకటి: అక్కడి స్థానికులు తమలో తాము కాంటనీస్ మాట్లాడుకుంటారు. ఆ భాషలో క్వాయ్‌కి బదులు 'మన్', మావ్‌కి బదులు 'హౌ' వినిపిస్తాయి. కొత్త కరెన్సీ ఏదో వచ్చిందని కంగారు పడకండి.

ఇప్పుడు ఇన్ని పేర్లెందుకు అన్న ప్రశ్నకు వస్తాను. నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

యువాన్ అంటే అసలు గుండ్రని వస్తువు. చైనాలో శతాబ్దాల పాటు పెద్ద చెల్లింపులు వెండితోనే జరిగాయి, కానీ ఆ వెండికి నాణెం రూపం లేదు. గడ్డలుగా ఉండేది, తూకం వేసి ఇచ్చేవారు. తూకపు ప్రమాణం ల్యాంగ్, మన పాత పుస్తకాల్లో తాయెల్ అని కనిపించేది అదే. అలాంటి చోటికి టీ, పట్టు, పింగాణీ కొనుక్కోవడానికి వచ్చిన ఐరోపా వర్తకులు మెక్సికో గనుల వెండితో కొట్టిన స్పానిష్ డాలర్లు తెచ్చారు. అన్నీ ఒకే బరువు, ఒకే ఆకారం, గుండ్రంగా ఉన్నాయి. ప్రతిసారీ తక్కెడ తీయాల్సిన పని తప్పింది. జనం వాటిని గుండ్రనివి అన్నారు, విదేశీ గుండ్రనివి అన్నారు. అదే యువాన్. తర్వాత మెక్సికో స్వతంత్ర దేశమయ్యాక గద్ద బొమ్మ ఉన్న డాలర్లు వచ్చాయి, అవి కూడా చైనా అంతటా చెల్లాయి. 19వ శతాబ్దం చివర్లో, గ్వాంగ్‌జౌ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు టంకశాల సొంతంగా డ్రాగన్ బొమ్మతో వెండి నాణేలు కొట్టడం మొదలుపెట్టింది. వాటి బరువును మెక్సికో డాలరుకు సరిపోయేలా తాయెల్‌లో నూటికి 72 వంతులుగా నిర్ణయించి, ఆ సంగతిని నాణెం మీదే ముద్రించారు. విదేశీ నాణేన్ని మార్కెట్టు నుంచి తప్పించాలంటే దానిలాగే ఉండక తప్పలేదు.

గుండ్రని అని అర్థమిచ్చే చైనా అక్షరం రాయడానికి చాలా గీతలు కావాలి. లెక్కల పుస్తకాల్లో రోజుకు వందసార్లు రాయలేక, అదే ఉచ్చారణ ఉన్న నాలుగు గీతల వేరే అక్షరాన్ని దాని బదులు రాయడం మొదలుపెట్టారు. ఈ పొట్టి అక్షరానికి సొంత అర్థం 'మొదలు', 'ఆది'. మంగోలులు చైనాను ఏలిన యువాన్ వంశం పేరులో ఉన్నది కూడా ఇదే అక్షరం. దాంతో యువాన్ కరెన్సీకి ఆ పేరు యువాన్ వంశం నుంచి వచ్చిందని చాలామంది రాస్తుంటారు. అది నిజం కాదు. ఆ వంశం 1368లోనే ముగిసింది, గుండ్రని వెండి నాణెం వచ్చింది ఎంతో తర్వాత. ఆ వంశం కాగితపు డబ్బుకు ప్రసిద్ధి అన్నది నిజమే గానీ ఈ పేరుతో దానికి సంబంధం లేదు. ఈనాటి నోట్ల మీద ఇప్పటికీ పొట్టి అక్షరం బదులు గుండ్రని అన్న అర్థం గల అక్షరమే ముద్రిస్తారు. చేతిలో వంద యువాన్ల నోటు ఉన్నప్పుడు ఆ అక్షరం ఎక్కడుందో మీ మేనల్లుడిని అడిగి చూపించుకోండి.

ఇంకో రెండు అపోహలు కూడా ఇక్కడే తీర్చేస్తాను. 1914లో కొత్త గణతంత్ర ప్రభుత్వం అధ్యక్షుడు యువాన్ షికాయ్ బొమ్మతో వెండి యువాన్ కొట్టించింది. జనం దాన్ని 'యువాన్ పెద్ద తల' అని పిలిచారు, ఇప్పటికీ పాత నాణేలు సేకరించేవాళ్లు అలాగే అంటారు. కానీ ఆయన ఇంటిపేరు యువాన్‌కూ డబ్బు యువాన్‌కూ ధ్వని మాత్రమే కలిసింది, అక్షరాలు వేరు. రెండోది మావ్. జియావోను మావ్ అంటారు కాబట్టి అది మావో జెడాంగ్ గౌరవార్థం పెట్టిన పేరని కొందరు నమ్ముతారు. ఇక్కడ అక్షరం నిజంగానే ఒకటే, అయినా ఆ చిల్లర పేరు ఆయన కన్నా పాతది. వంద యువాన్ల ఎర్ర నోటును యువతరం 'మావో తాతయ్య' అని పిలవడం మాత్రం ఆయన బొమ్మ వల్లే. ఆ బొమ్మ అన్ని నోట్ల మీదికీ వచ్చింది 1999లో మొదలైన అయిదో శ్రేణితోనే. అంతకుముందు 1988లో వచ్చిన వంద నోటు మీద మావో, జౌ ఎన్‌లై, లియూ షావోచి, జూ డె అనే నలుగురు కమ్యూనిస్టు నాయకులూ పక్కపక్కన ఉండేవారు.

రూపాయి ప్రస్తావన లేకుండా ఈ చరిత్రను దాటి వెళ్లలేను. రూపాయి అన్న మాట సంస్కృతంలో వెండిని తెలిపే రూప్యం నుంచి వచ్చింది. బ్రిటిష్ కాలంలో విక్టోరియా రాణి బొమ్మ ఉన్న మన వెండి రూపాయలు వ్యాపారంతో పాటు టిబెట్‌లోకి, అక్కడి నుంచి చైనాలోని సిచువాన్ రాష్ట్రపు సరిహద్దు దాకా పాకాయి. వాటిని ఎదుర్కోవడానికి సిచువాన్ అధికారులు 1902 నుంచి చెంగ్డూలో అచ్చం మన రూపాయి పరిమాణంలో, రాణి స్థానంలో గ్వాంగ్‌షూ చక్రవర్తి బొమ్మతో వెండి నాణెం కొట్టించారు. నాణేల చరిత్రలో దానికి సిచువాన్ రూపాయి అనే పేరుంది. ఒక చైనా చక్రవర్తి ముఖం నాణెం మీద కనిపించడం అదే మొదలు. మన డబ్బు చైనా డబ్బును ఒకసారి ఇంత సూటిగా ప్రభావితం చేసిందన్నది మనవాళ్లలో చాలామందికి తెలియదు.

1933లో చైనా ప్రభుత్వం తాయెల్ తూకాన్ని రద్దుచేసి లెక్కలన్నీ యువాన్‌లోకి మార్చింది. 1935 నవంబరులో వెండికి బదులు ఫాబి అనే కాగితపు డబ్బును తెచ్చింది. ఫాబి అంటే చట్టబద్ధమైన డబ్బు. దాని ప్రమాణం కూడా యువానే. జపాన్‌తో యుద్ధం, ఆ తర్వాత అంతర్యుద్ధం వచ్చాయి. ప్రభుత్వం ఖర్చుల కోసం నోట్లు ముద్రించుకుంటూ పోయింది, ధరలు ఆకాశాన్నంటాయి. 1948 ఆగస్టులో ఫాబిని తీసేసి 'బంగారు యువాన్' నోట్లను ప్రవేశపెట్టారు. ఒక బంగారు యువాన్‌కు 30 లక్షల యువాన్ల ఫాబి ఇవ్వాలి. కొద్ది నెలల్లో బంగారు యువాన్ కూడా అదే దారి పట్టింది. అదే సమయంలో కమ్యూనిస్టుల చేతిలో ఉన్న ప్రాంతాల్లో ఒక్కో చోట ఒక్కో బ్యాంకు సొంత నోట్లు వేస్తోంది. వాటి లెక్క కూడా యువాన్లలోనే.

ఆ పరిస్థితిని ఒకసారి ఊహించండి. దేశంలో ఎవరి నోటు మీద చూసినా యువాన్ అనే ఉంది, ఒకదాని విలువ మరొకదానికి లేదు. 1948 డిసెంబరు 1న షిజియాజువాంగ్ నగరంలో కమ్యూనిస్టు ప్రాంతాల్లోని హువాబెయ్ బ్యాంకు, బెయ్‌హాయ్ బ్యాంకు, వాయువ్య రైతుల బ్యాంకు కలిసి పీపుల్స్ బ్యాంక్ ఆఫ్ చైనాగా ఏర్పడ్డాయి. ఆరోజే కొత్త నోట్లు విడుదలయ్యాయి. ఆ డబ్బుకు స్థిరపడిన పేరే రెన్‌మిన్‌బి. లెక్క ప్రమాణాన్ని మార్చాల్సిన అవసరం వాళ్లకు లేదు, జనానికి యువాన్ అలవాటే. కావలసిందల్లా ఇది ఎవరి యువానో చెప్పే పేరు. ఒకే డబ్బుకు రెండు పేర్లు ఉండటానికి మూలం ఇక్కడుంది. యువాన్ చైనా సమాజం మొత్తానికీ వారసత్వంగా వచ్చిన పాత మాట. రెన్‌మిన్‌బి ఒక రాజ్యం తన డబ్బు కోసం ఎంచుకున్న మాట.

ఆ మొదటి శ్రేణి నోట్లు యుద్ధం మధ్యలో హడావుడిగా వచ్చినవి. 12 విలువలు, 62 రకాల నమూనాలు. అతి పెద్ద నోటు 50,000 యువాన్లది. 1955 మార్చి 1న రెండో శ్రేణి తెచ్చి పాత 10,000 యువాన్లకు కొత్తది ఒక యువాన్ చొప్పున మార్చారు. ఇప్పటి యువాన్ లెక్క అక్కడి నుంచి కొనసాగుతోంది.

రెండు పేర్లూ వేర్వేరు సంగతులని నిరూపించే ఉదాహరణ ఒకటి దగ్గరి చరిత్రలోనే ఉంది. 1980 ఏప్రిల్ నుంచి చైనాకు వెళ్లిన విదేశీయులకు డాలర్లు మార్చుకుంటే మామూలు నోట్లు ఇచ్చేవారు కాదు. విదేశీ మారక ధ్రువపత్రాలు అనే వేరే కాగితాలు ఇచ్చేవారు. వాటి మీద కూడా యువాన్లే ఉండేవి. విదేశీ సరుకు దొరికే ఫ్రెండ్‌షిప్ దుకాణాల్లో అవే చెల్లేవి. అధికారికంగా ఒక యువాన్ ధ్రువపత్రం, ఒక యువాన్ రెన్‌మిన్‌బి సమానం. వీధిలో మాత్రం ధ్రువపత్రానికి ఎక్కువ ధర పలికేది. అంటే ఒకే ఊళ్లో రెండు రకాల యువాన్లు, వాటిలో ఒకటే రెన్‌మిన్‌బి. ఆ రోజుల్లో 'యువాన్ ఉందా' అని అడిగితే సరిపోయేది కాదు. 1994 మొదట్లో ప్రభుత్వం రెండు మారకపు రేట్లను ఒకటి చేసింది, 1995 మొదటికల్లా ధ్రువపత్రాల చలామణి ముగిసింది.

ఇప్పటికీ చైనా భాషలో యువాన్ అంటే చైనా డబ్బే కానక్కర్లేదు. అమెరికా డాలరు వాళ్లకు మెయ్‌యువాన్, యూరో ఔయువాన్, జపాన్ డబ్బు రియువాన్. హాంకాంగ్ డాలరును, తైవాన్ డాలరును కూడా యువాన్‌లోనే లెక్కిస్తారు. తైవాన్ నోట్ల మీద అదే గుండ్రని అన్న అక్షరం ఉంటుంది. జపాన్ వాళ్ల యెన్, కొరియా వాళ్ల వన్ కూడా పుట్టుకలో ఆ అక్షరం నుంచి వచ్చినవే. జపాన్ 1871లో యెన్‌ను తన కరెన్సీగా చేసుకుంది. మన రూపాయిని మాత్రం లూబీ అంటారు, పౌండును యింగ్‌బాంగ్ అంటారు. అందువల్ల హాంకాంగ్ పక్కనే ఉన్న షెన్‌జెన్ నగరంలో హాంకాంగ్ డబ్బు, అమెరికా డబ్బు, స్థానిక డబ్బు మూడూ చేతులు మారే దుకాణంలో నిలబడితే రెన్‌మిన్‌బి అన్న మాట ఎంత అవసరమో తెలుస్తుంది.

ఇక మీ పని. ఆర్‌ఎంబి అనేది రెన్, మిన్, బి అనే మూడు మాటల రోమన్ మొదటి అక్షరాలు. చైనా లోపల అందరూ వాడే సంక్షేపం అది, ఫ్యాక్టరీ పట్టికల్లో అదే ఉంటుంది. సీఎన్‌వై అనేది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కరెన్సీలకు ఇచ్చిన మూడక్షరాల గుర్తుల్లో ఒకటి. మొదటి రెండక్షరాలు దేశానివి, మూడోది యువాన్‌ది. మన ఐఎన్‌ఆర్ తయారైన పద్ధతే. బ్యాంకు దరఖాస్తులో, విదేశీ చెల్లింపు సందేశంలో సీఎన్‌వై అనే రాయాలి, ఆ వ్యవస్థకు ఆర్‌ఎంబి తెలియదు. ఒప్పంద పత్రంలో ఒకచోట ఆర్‌ఎంబి, ఒకచోట సీఎన్‌వై రాయకుండా మొదట్లోనే 'ధరలన్నీ చైనా రెన్‌మిన్‌బి యువాన్లలో (సీఎన్‌వై)' అని ఒక వాక్యం పెట్టించుకుని, ఆ తర్వాత ఒకే గుర్తు వాడండి. ధర యువాన్లలో చెప్పి చెల్లింపు డాలర్లలో తీసుకునే అమ్మకందారులు చాలామంది ఉంటారు. అలాంటప్పుడు ఏ రోజు రేటు, ఎవరి రేటు అన్నది ముందే రాసుకోవాలి. ఎక్కువ గొడవలు అక్కడే మొదలవుతాయి.

మీకు సీఎన్‌హెచ్ అనే గుర్తు కూడా తగలవచ్చు. అది వేరే కరెన్సీ కాదు. చైనా ప్రధాన భూభాగం వెలుపల, 2010 నుంచి ముఖ్యంగా హాంకాంగ్‌లో, స్వేచ్ఛగా అమ్ముడుపోయే రెన్‌మిన్‌బికి మార్కెట్టు వాళ్లు పెట్టుకున్న గుర్తు. చివరి అక్షరం హాంకాంగ్‌ది. చైనా లోపల కేంద్ర బ్యాంకు రోజూ ఉదయం డాలరుకు ఒక మధ్య రేటు ప్రకటిస్తుంది, ఆ రోజు వ్యాపారం దానికి రెండు శాతం అటూ ఇటూ మించకూడదు. బయటి మార్కెట్టులో ఆ హద్దు లేదు. పెట్టుబడి రాకపోకల మీద ఆంక్షలు ఉన్నంతకాలం రెండు రేట్లూ అచ్చంగా కలవవు. మామూలు రోజుల్లో తేడా స్వల్పమే అయినా, పెద్ద మొత్తం పంపేటప్పుడు బ్యాంకు ఏ రేటు వేస్తోందో అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది గుర్తు దగ్గర. ఇంగ్లీషు వై అక్షరం మీద అడ్డగీతలు గీసిన గుర్తును చైనా యువాన్‌కూ జపాన్ యెన్‌కూ రెండింటికీ వాడతారు. ఒక యువాన్ విలువ ఇటీవలి కాలంలో పది రూపాయలకు పైనే ఉంటోంది, యెన్ ఒక రూపాయికి కూడా చేరదు. రెండింటికీ ఇంచుమించు ఇరవై రెట్ల తేడా. ఆ గుర్తు పక్కన 10,000 అని ఉంటే అది లక్షకు పైగా రూపాయలు కావచ్చు, కొన్ని వేలు మాత్రమే కావచ్చు. గుర్తు ఒక్కటే ఉన్న పట్టికను ఒప్పుకోకండి, పక్కన మూడక్షరాల సంక్షేపం రాయమనండి.

వాన్ అనే మాటను కూడా చెవిలో వేసుకోండి. మనకు లక్ష, కోటి ఉన్నట్టు చైనా వాళ్లకు పదివేలు ఒక మెట్టు, దాని పేరు వాన్. పది కోట్లు ఇంకో మెట్టు, దాని పేరు యీ. మనవాళ్ల చెవికి వాన్, యువాన్ ఒకేలా వినిపిస్తాయి. 'సాన్ యువాన్' మూడు యువాన్లు, 'సాన్ వాన్' ముప్ఫై వేలు. కంపెనీల లెక్కల పట్టికల మీద తరచూ 'ప్రమాణం: వాన్ యువాన్' అని ఉంటుంది. దాని కింద 350 అని కనిపిస్తే అది 35 లక్షల యువాన్లు. అనువాదం చేసేటప్పుడు ఇంగ్లీషు మిలియన్ల మీదుగా తిరగడం కన్నా నేరుగా మన లెక్కలోకి రావడం తేలిక: పది వాన్‌లు లక్ష, వెయ్యి వాన్‌లు సరిగ్గా కోటి. ఈ విషయంలో తెలుగువాళ్లకు ఇంగ్లీషువాళ్ల కన్నా సౌకర్యం ఎక్కువ.

తెలుగులో రాసేటప్పుడు ఏది వాడాలని కూడా అడిగారు. ధరలు, జీతాలు, పెట్టుబడుల అంకెలు రాసేటప్పుడు యువాన్లు. మొదటిసారి 'చైనా యువాన్లు' అంటే ఇంకా మంచిది. డాలరుతో పోల్చి 'యువాన్ విలువ తగ్గింది' అని పత్రికలు రాయడాన్ని నేను తప్పు పట్టను, ప్రపంచమంతా అలాగే రాస్తోంది, పాఠకుడికి అర్థమవుతోంది. కానీ చైనా తన డబ్బును అంతర్జాతీయం చేస్తోందని, ఒక దేశం తన విదేశీ నిల్వల్లో ఆ డబ్బును చేర్చుకుందని రాసేటప్పుడు రెన్‌మిన్‌బి అనడమే సరైనది. 2016 అక్టోబరు 1న అంతర్జాతీయ ద్రవ్యనిధి తన ప్రత్యేక కరెన్సీల బుట్టలో దీన్ని చేర్చినప్పుడు జాబితాలో రాసుకున్న పేరు చైనా రెన్‌మిన్‌బి. బహువచనం యువాన్‌కు పెట్టవచ్చు, రెన్‌మిన్‌బికి వద్దు. డబ్బు అన్న మాటను మనం 'డబ్బులు' అని లెక్కపెట్టినట్టు దాన్ని లెక్కపెట్టరు. క్వాయ్ అనేది మాట్లాడే భాషకే పరిమితం, బిల్లు మీద గానీ ఒప్పందంలో గానీ రాయకూడదు.

చివరగా డిజిటల్ యువాన్. మనం, ఇంగ్లీషు పత్రికలు యువాన్ అంటున్నాం గానీ చైనా భాషలో దాని పేరు షూజి రెన్‌మిన్‌బి, అంటే డిజిటల్ రెన్‌మిన్‌బి. ఆ పేరులోనే మీ ప్రశ్నకు జవాబుంది. కాగితం నోటు ఏ డబ్బో ఇదీ ఆ డబ్బే, రూపం మాత్రం ఎలక్ట్రానిక్. దీన్ని తెచ్చింది కేంద్ర బ్యాంకు. 2020లో షెన్‌జెన్, సుజౌ, చెంగ్డూ, షియోంగ్ఆన్‌లలో ప్రయోగాలు మొదలయ్యాయి. అక్కడ అందరి ఫోన్లలో ఉండే అలీపే, వీచాట్ పే వేరు. అవి ప్రైవేటు సంస్థల చెల్లింపు సాధనాలు, వాటిలో కదిలేది కూడా రెన్‌మిన్‌బియే. మీ అమ్మకందారు వీటిలో దేనితో తీసుకున్నా పట్టికలోని అంకె మారదు, దాని పక్కన ఉండేది యువానే. మీరు భారతదేశం నుంచి చెల్లించేది మాత్రం బ్యాంకు ద్వారానే, సీఎన్‌వై అని గానీ డాలర్లని గానీ స్పష్టంగా రాసిన ఇన్వాయిస్ మీదే జరగాలి.